సర్వర్ గదిలో పాత మిషన్

జగిత్యాలలో కూర్చుని కోరుట్లలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్వర్‌ను చూసుకోవడం అప్పట్లో నా ఉద్యోగం. ల్యాబ్ రిపోర్టులు, స్కానింగులు అన్నీ అందులోనే ఉండేవి. నా కంప్యూటర్లో నల్ల తెర తెరిచి, సర్వర్ అడ్రస్ కొట్టి, లోపలికి పోయి, పక్కనే కూర్చున్నట్టు పని చేసేదాన్ని. పాత సర్వర్ నీరసపడిందని కొత్తది తెప్పించి నేనే బిగించి, పాతదాన్ని ఆపి ఆ గదిలోనే వదిలి వచ్చాను. ఆ వారం నుంచే మొదలైంది.

ఒక్కోసారి వెంటనే లోపలికి రానిచ్చేది. ఒక్కోసారి మొహం మీదే తలుపు వేసేది. సగం పనిలో తెర కదలకుండా ఆగిపోయేది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలే. పూర్తిగా చెడిపోయినదాన్ని బాగు చేయొచ్చు, అప్పుడప్పుడు చెడిపోయేదానితోనే చావు. ఆసుపత్రిలో రిపోర్టులు కూడా అలాగే ఆగిపోతుంటే అక్కడి మేనేజర్ రోజూ ఫోన్లో కేకలు వేసేవాడు. నేను కేబుల్ మార్పించాను, ఇంటర్నెట్ వాళ్లను తిట్టాను, సెట్టింగులన్నీ తిరగరాశాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది.

ఆ సర్వర్ గదిని చూసుకునే మనిషి మా కాక. రక్తసంబంధం లేదు. సిరిసిల్లలో మా బాపుతో ఒకే షెడ్డులో ముప్పై ఏళ్లు సాంచలు నడిపినవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలనే అంటారు. నూలు దుమ్ముకు ఊపిరి పాడై, నాలుగడుగులకే ఆయాసపడుతుంటే, నేనే చెప్పి ఆ పనిలో పెట్టించాను. ఏసీ గది, ఒక కుర్చీ. ఊడవడం, తాళం వేయడం, ఏ లైటు వెలుగుతుందో నాకు ఫోన్లో చెప్పడం.

"ఈ కుర్సీ లేకుంటె నేను ఎన్నడో పోదును బిడ్డా" అనేవాడు. డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పాడు, మళ్లీ దుమ్ములోకి పోవద్దని.

కనెక్షన్ తెగిన వేళలన్నీ మూడు వారాలు నోటుబుక్కులో రాసుకున్నాను. అన్నీ పొద్దున పదికీ పదకొండుకీ మధ్యనే. రెండు రోజులు మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు. ఆ రెండు రోజులూ కాక ఎవరిదో దశదినకర్మకని సిరిసిల్ల పోయి ఉన్నాడు. బస్సెక్కి కోరుట్ల పోయాను.

"పొద్దుగాల్ల ఈడ ఏమేం చేస్తవ్ కాకా?" అని అడిగాను.

"ఏం చేస్త బిడ్డా, ఊడుస్త, తుడుస్త. గీ పాతదాన్ని జరసేపు నడుపుత."

"గదెందుకు?"

"నడవని సాంచ బిగుసుకపోతది గదా. రోజు గింతసేపు తిప్పితె పానం ఉంటది. రేపెప్పుడన్న అక్కరకస్తది."

చిన్నప్పుడు షెడ్డులో నేను కళ్లారా చూసిందే. పని లేని సాంచలను కూడా ఎవరూ చెప్పకుండానే కాసేపు తిప్పి ఆపేవారు. పాత సర్వర్‌ను కూడా ఆయన అంత ప్రేమగానే లేపాడు. అది లేచినప్పుడల్లా ఒకే అడ్రస్‌కు రెండు మిషన్లు పలికేవి. నా పిలుపు కొత్తదానికి అందితే లోపలికి పోయేదాన్ని, పాతదానికి అందితే బయటే. కొత్తదానికి ఆ అడ్రస్ ఇచ్చిన రోజే పాతదాని కేబుల్ పీకేయాల్సింది నేను. బస్సు పోతుందని, రేపు చూద్దాంలే అనుకుని వచ్చేశాను, తర్వాత మరిచిపోయాను. దాన్ని ముట్టకు అన్న ముక్క కూడా కాకకు చెప్పలేదు.

కేబుల్ పీకాను. రెండు నిమిషాల పని. కారణం రాసి ఇవ్వమన్నాడు మేనేజర్. ఆయన ఎదురుగానే కూర్చుని, "గది సిబ్బంది అనుమతి లేకుండా పాత సర్వర్‌ను ఆన్ చేయడం వల్ల" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కేబుల్ సంగతి మాత్రం రాయలేదు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. కాకను మందలించి వదిలేస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సోమవారం ఆయన్ను తీసేశారు.

రెండు నెలలు మొహం చాటేసి, చివరికి ఉన్నదంతా చెప్పేద్దామనే సిరిసిల్ల పోయాను. కాక పాత షెడ్డులోనే ఒక మూల కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. కనుబొమ్మల మీద దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. నన్ను చూసి లేవబోయి, దగ్గు తెరలో మళ్లీ కూలబడ్డాడు. దగ్గు ఆగేదాకా నేను నిలబడే ఉన్నాను.

"నాకు తెల్వక ముట్టిన బిడ్డా" అన్నాడు. "నా వల్ల నీకేమన్న మాటొచ్చిందా?"

"లేదు కాకా" అన్నాను.

"గదే సాలు" అని, ఇంకో కండె అందుకున్నాడు.