కరెంటు వచ్చేటప్పుడు

ఎదురింటి మామ్మగారు పోయారని పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. గుంటూరు హాస్టల్ నుంచి పెదకాకాని అవతలున్న మా ఊరికి ఆటోలో వస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. భయమేసింది. ఇక మా వీధికి బల్బు చూసి చెప్పేదెవరు?

కిందటేడు వేసవిలో గాలివాన వెలిశాక, కరెంటు తిరిగొస్తూనే మామ్మగారి టీవీలోంచి పొగ లేచింది. మా ఫ్రిజ్ పోయింది. చివరింటివాళ్ల మోటారు కాలింది. ఓల్టేజీ ఒక్కసారిగా పెరిగిందన్నారు కొందరు, న్యూట్రల్ తీగ తెగిందన్నారు ఇంకొందరు. తేల్చి చెప్పినవాళ్లు లేరు. అప్పట్నుంచి ఆమెకి కరెంటంటే వణుకు.

వరండాలో పాతకాలం బల్బొకటి వేలాడదీశారు. కరెంటు పోగానే వీధిలోకొచ్చి అందరిచేతా ప్లగ్గులు పీకించేవారు. తిరిగొచ్చాక ముందు ఆ బల్బొక్కటే వెలగాలి. ఎర్రగా మినుకుమన్నా, కళ్లు చెదిరేలా తెల్లగా మండినా ఎవరూ ఏదీ పెట్టకూడదు. వెలుగు పసుపుగా కుదురుకున్నాక, "ఇక పెట్టుకోండర్రా" అనేవారు. అందాకా అందరం గుమ్మాల్లోనే. నిలకడ అన్న మాటకి అర్థం నాకు ఆ బల్బు కిందే తెలిసింది.

"నీ బల్బు లైన్‌మన్ కంటే పెద్దదైపోయింది మామ్మా" అని పక్కింటి బాబాయి ఆటపట్టిస్తే, "అయితే దానికో జీతం ఇప్పించరా" అనేవారు.

మా గుమ్మం ముందు మాత్రం నవ్వేవారు కాదు. మిర్చి యార్డులో బస్తాలు మోసి, ఆ ఘాటు పీల్చి నాన్న ఊపిరి పాడైంది. ఆయాసమొస్తే మందుని ఆవిరిగా పట్టే మిషనే దిక్కు.

"మిషన్ ప్లగ్గు పీకావా? చేత్తో పట్టుకుని చూశావా, ఊరికే ఊఁ అంటున్నావా?" అని అడిగేవారు. నేను మళ్లీ లోపలికెళ్లి చూసొచ్చేదాన్ని. "కరెంటు పోతే ఏం కాదే అమ్మాయ్. వచ్చేటప్పుడే నాకు భయం."

నేను వెళ్లేసరికి ఆమెని వరండాలో, అద్దాల ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. కనిగిరి నుంచి కూతురు రావాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది. పెట్టె హోరు ఆగింది. అలవాటుగా అందరం ఆమె వైపే చూశాం. ఎవరూ కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్నకి మందు పట్టిస్తున్నదల్లా కబురు వినగానే పరిగెత్తుకొచ్చేశానని పొద్దున ఫోన్‌లో అమ్మ అంది. మిషన్ ఇంకా ప్లగ్గుకే ఉంటుంది. పక్కనే ఉన్న పెట్టె ప్లగ్గు లాగేసి, "ప్లగ్గులు పీకండి" అని అరుస్తూ వీధి దాటాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. మిషన్ వైరు లాగి చేత్తో పట్టుకున్నానో లేదో, బయట కేకలు. గుమ్మంలోకొస్తే బల్బు తెల్లగా మండుతోంది.

కాసేపటికి మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఈసారి పసుపుగా. పెట్టె అద్దం మీద, దాని కింద ఆమె ముఖం మీద ఆ వెలుగు పడింది. వీధిలోవాళ్లందరూ నా వైపు తిరిగారు. మిషన్ ప్లగ్గు గుప్పిట్లో అలాగే బిగించి, ఆ పసుపు కదులుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.