ముగింపు తేదీ లేని గురువారం

మొన్న బి.పి. మాత్రలు గుర్తుచేయమని ఫోనులో పెట్టుకుంటుంటే, ఎప్పటివరకు అని అది అడిగింది. ఆ ప్రశ్నను ఒకప్పుడు చేజేతులా కొట్టేసినవాణ్ణి నేను. ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు కనుక రాసిపెడుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నల్లపాడు దగ్గర పత్తి మిల్లులో గుమాస్తాగా ఉంటూ, గుంటూరు గ్రంథాలయంలో ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని పేజీ పేజీ నోట్సులోకి ఎక్కించుకుని, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని మా చర్చికి ఒక వెబ్ క్యాలెండర్ తయారుచేశాను. ఏ రోజు ఎవరింట్లో ప్రార్థన కూడికో అందులో కనిపించేది. నెలనెలా దాన్ని ప్రింటు తీసి చర్చి గోడకు అంటించేవాణ్ణి.

గురువారం కూడిక మా మేనత్త ఇంట్లో. మిరపకోతల నుంచి ఆడవాళ్లు నేరుగా అక్కడికే వచ్చేవారు; ఎంత కడిగినా చేతుల ఘాటు పోదు కనుక, ప్రార్థనలో కన్నీళ్లొస్తే ముంజేత్తో తుడుచుకునేవారు. వారం వారం వచ్చేదానికి ముగింపు తేదీ కూడా అడగాలని పుస్తకంలో ఉంది. అత్తను అడిగితే పడీపడీ నవ్వి, “ప్రభువు పిలిచేదాకా అని రాసుకోరా!” అంది. నాకూ నవ్వొచ్చి, ముగింపు తేదీ నింపే ఆ గడినే తీసేశాను.

మూడేళ్లకు అత్త పోయింది. మామయ్య ఇంటికి తాళం వేసి సింగరాయకొండలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను అలవాటు కొద్దీ చూసుకోకుండానే కొత్త నెల కాగితం అంటించాను. కూడిక అక్కడే సాగుతుందనుకుని ఆడవాళ్లంతా బైబిళ్లతో వచ్చి తాళం ముందు నిలబడ్డారు. కబురు విని పరుగెత్తుకెళ్తే, “ఏం అబ్బాయ్, కాయితం మీద వేశావుగా, తాళం కూడా నువ్వే తీస్తావా?” అంది ఒకావిడ.

తీసేద్దామంటే, గురువారాలన్నీ ఒకే వరసగా రాసిపెట్టాను. అది చెరిపితే జరిగిపోయిన మూడేళ్ల కూడికలూ చెరిగిపోతాయి, అత్త పేరు ఎక్కడా మిగలదు. ఉంచితే మళ్లీ వారం తాళం దగ్గరికి పిలుస్తుంది. అక్కర్లేదనుకున్న ఆ ముగింపు తేదీ భాగం ఒక్కటే నోట్సులోకి ఎక్కించుకోలేదు; పుస్తకం కోసం పోతే ఎవరో పట్టుకెళ్లారన్నారు. అది తిరిగొచ్చేదాకా, రెండు నెలలు, గోడ మీది కాగితంలో అత్త పేరును పెన్నుతో కొట్టేస్తూ గడిపాను. చివరికి ముగింపు తేదీ గడి పెట్టడం నేర్చుకుని, ఆమె చివరి గురువారం తేదీ కొట్టి, మీట నొక్కలేక చాలాసేపు కూర్చుని, ఎట్టకేలకు నొక్కాను; జరిగిన గురువారాలు అత్త పేరుతో అలాగే ఉండి, రాబోయేవి ఆగిపోయాయి.

ఇప్పుడు కూడిక లేదంటే క్షణంలో అందరి ఫోన్లకూ కబురు చేరుతుంది. తాళం ముందు ఎవరూ నిలబడక్కర్లేదు. పుస్తకం రాగానే కబురంపిన లైబ్రేరియన్ గారికీ, గంట దాటినా లేవమని అనని ఇంటర్నెట్ సెంటర్ అన్నయ్యకూ, నన్ను తిట్టి కూడా వెనక్కి వెళ్లకుండా, ఆ తాళం ముందే మెట్ల మీద కూర్చుని ప్రార్థన ముగించి, ముంజేతులతో కళ్లు తుడుచుకున్న ఆ అక్కలకూ నా నమస్కారాలు.