సముద్రంలో పరిగె

పోయిన వారం యాడికి సంతలో కొన్న ఎండుచేపలను చాటలో పోసుకుని, ఇసుకా దుమ్మూ చెరిగి పారబోద్దామని వాకిట్లో కూర్చున్నప్పుడు, ఆ చేపపొట్టు మధ్యనుంచి రూపాయి బిళ్లంత చుక్క ఒకటి బయటపడింది. ఐదు కొమ్ములు, గరుకు వీపు, ఎండి వక్కముక్కలా బిగుసుకుపోయి ఉంది. అలాంటిదాన్ని చూసి నలభై ఏళ్లకు పైనే అయినా చూడగానే పోల్చుకున్నాను, పోల్చుకున్నందుకే చాట ఆడించే చెయ్యి ఆగిపోయింది.

నిజానికి ఆ చేపల గురించి సంతలోనే నాకు మనసు చెడింది. వేలెడంతవి కూడా కావు, సగం పొడి. ఊరకే తీసుకుని వచ్చే మనిషిని కాను కదా, "ఏమ్మా, చేపలమ్ముతాండావా, చేపల నుసి అమ్ముతాండావా?" అని అడిగితే, "ఇప్పుడు ఇట్లాంటివే వస్తాండాయి అవ్వా. ఇష్టముంటే తీసుకో, లేదంటే పక్కకు జరుగు" అని ఆమె ముఖం మీదే చెప్పింది.

ఆ చుక్కను గుత్తిలో ఇంటర్ చదువుతున్న మా మనవరాలికి చూపించాను. దాన్ని నక్షత్రచేప అంటారనీ, అది సముద్రం అడుగున పాకుతూ బతికే జీవమనీ, ఇనుప గొలుసులు కట్టిన వలలు అడుగుదాకా గీక్కుంటూ పోతే తప్ప ఇలా చిన్న చేపల్లో కలిసి రాదనీ, అడుగున చెట్లలాగా కొమ్మలేసి పెరిగేవి ఎన్నో తరాలకు గానీ మళ్లీ లేవవనీ, లేచిన బురదకు మిగిలినవి ఊపిరాడక చస్తాయనీ, పాఠంలో ఉన్నదంతా చెప్పుకొచ్చింది. నాకు అర్థం కాలేదు. "గీకితే ఏమయితాదే? దుక్కి దున్నితే నేలకు మంచిదే గదా" అన్నాను. అది నవ్వింది. "అవ్వా, అది చేను గాదు. అడవి" అంది.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని, దానితో వాదించే చదువు నాకు లేదు. కానీ ఆ ఒక్క మాటతో, నా పడుచుతనంలో ఒక రేవులో నేను చేసిన పని తప్పా ఒప్పా అన్న పాత ప్రశ్న మళ్లీ లేచి కూర్చుంది. అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలడం లేదు. కరువు రోజుల్లో మూట కట్టుకుని ఊరు దాటినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, చదివి మీరే చెప్పండి.

పెళ్లయిన కొత్తలో వరసగా మూడేళ్లు వానలు మోసం చేస్తే, నేనూ మా ఆయనా గుత్తిలో రైలెక్కి తూర్పు తీరాన ఒక రేవుకు కూలికి పోయాం. సముద్రాన్ని అంతకు ముందు చూసినవాళ్లం కాదు. అన్ని నీళ్లను చూసి మా ఆయన ఒక గుక్క తాగి ఉమ్మేసి, ఇన్ని నీళ్లు పెట్టుకుని తాగేందుకు లేకపోతే ఇది మన ఊరికంటే పెద్ద కరువు కదే అన్నాడు. తాగే నీళ్లకు మమ్మల్ని ఆదుకున్నది పక్క గుడిసెలోని పెద్దామె. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఇసుకలో ఆమె తవ్వుకున్న చెలమలో మాకూ రెండు కడవలు ముంచుకోనిచ్చేది. ఆమె భర్త తెప్ప మీద పోయి గాలం, చిన్న వల వేసి తెచ్చిన చేపలను ఆమె గంపలో పెట్టుకుని ఊళ్లో అమ్మేది. ఆ గంపే వాళ్ల చేను, వాళ్ల ఎద్దులు, అన్నీ.

మా కూలి మర పడవల దగ్గర. మగవాళ్లు వలలు లాగాలి, మంచు మోయాలి. ఆడవాళ్లం వల దులిపిన కుప్ప చుట్టూ కూర్చుని రొయ్యలు ఒకవైపు, అమ్ముడయ్యే చేపలు ఒకవైపు వేరుచేయాలి. వల నోటికి కింది అంచున బరువైన గొలుసు ఉండేది, అది అడుగున ఈడుస్తూ పోతే దాక్కున్న రొయ్య లేచి వలలో పడుతుందట. మా ఆయన ఆ గొలుసును చేత్తో పట్టి చూసి, ఇది మన గుంటకే కదా అన్నాడు. ఎద్దుల వెనక గుంటక తోలి కలుపు గీకడం తప్ప వేరే పని ఎరగని మనిషి, పోలిక దొరికిన సంతోషంలో పడవ మీది వాళ్లను అడిగేశాడు, "అన్నా, గుంటక తోల్తాండారు, కోత కోస్తాండారు, బాగుండాది. మళ్ల విత్తనం ఎప్పుడేస్తారు?"

రేవంతా నవ్వింది. "ఒరేయ్, ఈయన సముద్రంలో వేరుశనగ విత్తుతాడంట్రా!" అని ఒకడు కేక వేశాడు. మేము అక్కడున్నన్నాళ్లూ ఆయన పేరు విత్తనాలాయన. అందరితోపాటు నేనూ నవ్వాను. కట్టుకున్నదాన్ని నవ్వకుండా ఉండాల్సింది.

అసలు సంగతి కుప్పలో మిగిలినదాని గురించి. రొయ్యలు, పెద్ద చేపలు తీసేశాక సగానికి పైగా మిగిలేది. వేలి గోరంత చేపపిల్లలు, పీతలు, గవ్వలు, ఎర్రటి కొమ్మలు, ఇదిగో ఈ చుక్కలు. అన్నీ చచ్చినవో చస్తున్నవో. దాన్ని చెత్త అనేవాళ్లు. చాలామటుకు నడి సముద్రంలోనే పారబోసేవాళ్లు, రేవుదాకా వచ్చింది కాకులకు. కందిపొట్టు ఆవుకు, వేరుశనగ బుడ్డల పొట్టు పొయ్యికి, కడిగిన నీళ్లు గుమ్మడిపాదుకు పోయే ఇంట్లో పుట్టినదాన్ని, అక్కడ కూర్చోవడానికి నాకు మనసొప్పేది కాదు. చేపల కంపుకు కాదు, పారబోతకు.

మా నాయన చేలో వేరుశనగ పీకాక రెండుసార్లకు మించి మమ్మల్ని చేను తొక్కనిచ్చేవాడు కాదు. మూడోసారి ఏరితే అది మనది కాదు, పరిగె ఏరుకునేవాళ్లది అనేవాడు. కోత తర్వాత నేలలో మిగిలిన కాయను లేనివాళ్లు తవ్వి తీసుకోవడమే పరిగె, మా వైపు దానికి అడ్డుచెప్పేవాడు మనిషే కాదు. ఆ కుప్ప ముందు కూర్చుని నేను అనుకున్నది అదే. యజమాని వద్దన్నది మిగిలింది, నేను లేనిదాన్ని, కాబట్టి ఇది పరిగె.

మేస్త్రిని అడిగి ఆ చెత్తను గంపలకెత్తి, మా గుడిసె పక్కన ఇసుకలో చాపలు పరిచి ఎండబెట్టాను. మొదట అందరూ ఎగతాళి చేశారు. నెల తిరిగేసరికి కోళ్ల దాణాకు కావాలంటూ ఒక వ్యాపారి వచ్చి మొత్తం ఎత్తుకుపోయాడు. అది చూసి పడవ యజమాని ఇక సముద్రంలో ఏదీ పారబోయవద్దనీ, అంతా ఒడ్డుకు తేవాలనీ చెప్పాడు. పక్క పడవలవాళ్లూ అదే పట్టుకున్నారు. రేవు పొడుగునా చాపలు పరుచుకున్నాయి. నాకు గర్వంగా ఉండేది, కరువు సీమనుంచి వచ్చి వీళ్లకు పొదుపు నేర్పానని.

పెద్దమ్మ గంప మాత్రం తేలికవుతూ వచ్చింది. ఒక పొద్దున ఉత్త గంపతో వచ్చి నా చాప పక్కన గొంతుక్కూర్చుని, ఒక చేపపిల్లను ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది పెరిగితే మూరెడవుద్ది, తెలుసా? మా ఆయన గాలానికి పడాల్సింది నీ చాప మీద ఎండుతోంది."

నాకు రోషం వచ్చింది. "నేను సంపినానా పెద్దమ్మా? సచ్చిందాన్నే గదా ఎండబెట్టింది. కుళ్లబెట్టమంటావా?"

"చచ్చినదాని గొడవ కాదే పిల్లా. ఇన్నాళ్లూ ఇది చెత్త. చెత్త ఎక్కువ పడేచోట వల వేస్తే శ్రమ దండగని అక్కడికి పోయేవాళ్లు కాదు. ఇప్పుడు చెత్తే లేదని నువ్వు నేర్పావు. ఇంక ఏ చోటు వదుల్తారు?"

ఆ మాటకు నాకు కోపమే వచ్చింది. ఆమె చెలమలో నీళ్లు ముంచుకోవడం మానేసి, దూరపు కుళాయికి పోయి తెచ్చుకున్నాను కొన్నాళ్లు. ఆమె నన్ను రావద్దని అనలేదు, నేనే పోలేదు.

ఊళ్లో విత్తేందుకు పదును వాన పడిందని కబురొచ్చింది. ఆ రోజే మూట కట్టాం. వెళ్లే ముందు చాపలు ఎవరికైనా ఇద్దామని కుప్ప దగ్గరికి పోతే, నేను రోజూ కూర్చునే చోట పెద్దమ్మ కూర్చుని ఉంది, ముందు చాట. భర్త తెప్ప అమ్మేసి అదే మర పడవలో కూలికి చేరాడట. నన్ను చూసి, "పోతున్నావా? ఆ చాపలు నాకిచ్చి పో" అంది. అంతే. ఇచ్చాను. ఆమె గొంతులో కోపం వెతికాను, కనిపించలేదు. ఉండి ఉంటే తేలికపడేదాన్ని.

ఊరికి వచ్చి మేమేం చేశాం? ఆ ఏడు వాన బాగుందని గుట్ట కింది బీడును కూడా దున్ని వేరుశనగ వేశాం. తుమ్మలూ రేగు పొదలూ గొర్రెల మేతా ఉండిన బీడు అది. రెండు పంటలు వచ్చాయి, తర్వాత పైమన్ను గాలికి లేచిపోయి గులకరాళ్లు మిగిలాయి. అప్పుడు అది చేనా, అడవా? ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మనవరాలిని అడిగితే, నువ్వు కాకపోతే ఇంకొకరు చేసేవాళ్లులే అవ్వా అంటుంది. నిజమే కావచ్చు. పారబోసినా తప్పే, పారబోయకపోయినా తప్పే అయితే మరి ఒప్పు ఎక్కడుంది అంటే దానికీ తెలియదు. నేను ఏరింది పరిగె కాదని మాత్రం ఈమధ్య అనిపిస్తోంది. ఆ సముద్రంలో పరిగె ఏరుకునేవాళ్లు తెప్పల వాళ్లు, వాళ్లకని మిగలాల్సినదాన్నే నేను చాప మీద పరిచానేమో. అలా అనుకుంటాను, మళ్లీ చచ్చిన చేపలు కళ్లముందు కుళ్లుతుంటే ఊరకే చూడమంటారా అని నాకే ఎదురు తిరుగుతాను.

ఎండుచేపలు వండాను, కొన్నవాటిని పారబోయలేను కదా. ఆ చుక్క మాత్రం మిగిలింది. తినేది కాదు, ఎరువుకు చాలదు, దేనికీ పనికిరాని వస్తువు నా ఇంట్లో ఇదొక్కటే. పెంటకుప్ప దాకా తీసుకుపోయి, చెయ్యి రాక వెనక్కి తెచ్చి, విత్తనం కాయలు దాచిన డబ్బాలో వేశాను. "అందులో ఎందుకేసినావవ్వా, అదేమన్నా మొలుస్తాదా?" అని మనవరాలు నవ్వుతోంది.

మొలవదని నాకూ తెలుసు. కానీ మా ఆయన ఆనాడు అడిగినదానికి రేవంతా నవ్విందే గానీ, విత్తనం ఎప్పుడేస్తారో ఒక్కరూ చెప్పలేదు. ఆయన పోయి పదేళ్లయింది. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.