మా సాంచె మీద నేసిన ఫిల్టర్

సిరిసిల్లలో బట్ట నేసి పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. బట్ట నేసి తన ముక్కుకే అడ్డం పెట్టుకుని, ఆ దెబ్బకు పెళ్లాన్ని పుట్టింటికి పంపుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా పద్మ ఇప్పటికే చాలా నవ్వింది.

నాకు ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఉన్నాయి. రాత్రి వాటి దగ్గర పని, పగలు నిద్ర. ఒక మధ్యాహ్నం పగటి షిఫ్టు చేసే రాజయ్య సాంచెలన్నీ ఆపి ఇంట్లోకి వచ్చాడు. "వదినె, ఏదో సాంచె ఖరాబైనట్టుంది, సప్పుడు తేడా కొడుతుంది" అన్నాడు. పద్మ మంచం మీద గురక పెడుతున్న నన్ను చూపించింది.

"గుర్కతోటి నాకు తిప్పలు లేదు" అంది ఆ సాయంత్రం నాతో. "నడిమిట్ల నీ ఊపిరి ఆగుతది సూడు, అప్పుడు నా పాణం పోయినట్టయితది. నేను గట్ల సూసుకుంట కూసోలేను. నయం చేయించుకో, లేకుంటే కోరుట్ల పోయి మా అవ్వ దగ్గరుంట."

జగిత్యాల డాక్టరు పరీక్షలు చేసి, నిద్రలో గాలి పంపే సీపాప్ మెషిన్ రాసిచ్చాడు. మాస్కు తగిలించుకుని పడుకుంటే గాలి మెల్లగా, ఆగకుండా ఎవరో విసనకర్రతో విసురుతున్నట్టు లోపలికి వచ్చేది. ఎన్నేళ్లకో కలలొచ్చాయి. ఒక కలలో మానేరు నీళ్ల మీద తెల్లచీర పరుచుకుంటూ, దాని మీదే నడుస్తూ కోనరావుపేట దాకా పోయాను. కాళ్లు తడవలేదు. పొలాల్లోని వాళ్లు ఇది మామూలే అన్నట్టు తలెత్తి చూసి, మళ్లీ నాట్లలో పడ్డారు. లేచి పద్మకు చెబితే, "చెప్పులు తొడుక్కున్నవా మరి?" అని మాత్రం అడిగింది. ఆ రోజుల్లో నేను చాలా సుఖంగా ఉన్నాను.

మెషిన్ వెనక గాలి పీల్చే చోట రెండు వేళ్లంత ఫిల్టర్ ఉంటుంది. నెలకోసారి మార్చమన్నారు. మా ఇంట్లో ఎగిరే దూది దుమ్ముకు అది పది రోజుల్లోనే బూడిదరంగుకు తిరిగింది. కొత్తది జగిత్యాలలో దొరుకుతుంది. కానీ చూడండి, తాతల నాటి నుంచి మగ్గం తొక్కిన ఇంటివాణ్ని, రెండు వేళ్లంత గుడ్డముక్క కోసం బస్సెక్కడమా? తాను వలచింది రంభ, తాను నేసింది ఫిల్టర్.

మా దగ్గర మంచి బట్టకు ఒకటే పరీక్ష. వెలుతురుకు పట్టి చూస్తే చుక్క వెలుగు కూడా ఇవతలికి రాకూడదు. అంత ఒత్తుగా నేసిన తానులోంచి, గంజి కూడా వదలని ముక్క ఒకటి కత్తిరించి, రెండు మడతలు పెట్టి ఎండకు పట్టాను. సూర్యుడు ఓడిపోయాడు.

"దుమ్ము కాదు, దాని తాత గూడ దూరడు" అన్నాను పద్మతో, దాన్ని మెషిన్‌లో బిగిస్తూ.

"డాక్టర్‌ను అడిగినవా?"

"డాక్టర్‌కు బట్ట గురించి ఏం ఎర్క?"

దుమ్ము తాత దూరనిచోట గాలి ఎలా దూరుతుందని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం కలలో మళ్లీ మానేరే వచ్చింది. ఈసారి నేను చీర కింద, నీళ్లలో నడుస్తున్నాను. చేపలు పక్కకు జరిగి మర్యాదగా దారిస్తున్నాయి. ఒక ముసలి చేప జాలిగా చూసి, "ఎటు పోతున్నవు కొడుకా?" అని అడిగింది. జవాబు చెప్పబోతే నోరు పెగల్లేదు. కళ్లు తెరిస్తే పద్మ నా మాస్కు లాగుతోంది.

"మెషిన్ ఈలేస్తుంది, నీ ఊపిరి మల్ల ఆగింది" అంది.

"కొత్త ఫిల్టర్ గదా, జర అలవాటు గావాలె."

మూడు రోజులు అదే మాట మీద నిలబడ్డాను. నాలుగో రోజు పద్మ సంచి సర్దుకుని కోరుట్ల బస్సెక్కింది. ఇల్లు బోసిపోయింది. పొగరు దిగి, ఆ మర్నాడే మెషిన్ చంకన పెట్టుకుని జగిత్యాల పోయాను.

షాపాయన మెషిన్ మూత తీసి నా కళాఖండాన్ని వేళ్లతో నలిపి చూశాడు.

"ఇదేంది అన్నా?"

"ఫిల్టర్. నేనే నేసిన."

"మస్తు నేసినవ్. అంగీ కుట్టించుకో, పదేండ్లు చినగది. గాలికి జర సందియ్యాలె గదనే."

కొత్త ఫిల్టర్ వేయించుకుని ఇంటికొచ్చి పద్మకు ఫోన్ చేశాను, తప్పయిందన్నాను. ఆమె నమ్మలేదు. "రేపు పగటీలి ఫోన్ పక్కకు పెట్టుకొని పండుకో. గుర్క వస్తదేమో నేను ఈడికెల్లి ఇంట. మంచిగుంటేనే వస్త" అంది.

చెప్పినట్టే పడుకున్నాను. అంత నిద్ర నా జన్మలో పోలేదు. కల కూడా రాలేదు, వచ్చినా నన్ను లేపలేదు. సాయంత్రం ఎవరో భుజం పట్టి ఊపుతుంటే కళ్లు తెరిచాను. ఎదురుగా చెదిరిన జుట్టుతో, చేతిలో సంచి కూడా లేకుండా పద్మ.

"గుర్క ఇనబడ్డదా?" అన్నాను భయంగా.

"గుర్క లేదు, ఏం లేదు. అర్ధగంట ఇన్న, సప్పుడే లేదు. ఎంత పిలిచినా పలుకవు. ఏమైందో అని ఉన్నపళంగ ఉరికొచ్చిన" అంటూ మంచం మీద కూలబడి ఏడ్చేసింది. తర్వాత నవ్వింది. ఆమె మీద నాకెంత ప్రేమో ఆ క్షణాన నాకే తెలిసింది.

అందుకని పడుగు సాక్షిగా, పేక సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట కట్టుకునేది నేస్తాను, పీల్చుకునేది కొనుక్కుంటాను. నిద్రపోయే ముందు మాత్రం, బతికే ఉంటానని కట్టుకున్నదానికి చెప్పి మరీ పడుకుంటాను.