కళ్ళు మూస్తే పడిపోయిన పిల్ల

2022లో నేను ఆత్మకూరులో పిల్లల ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ, వారానికొకసారి ఉదయగిరి వెళ్ళేదాన్ని. అక్కడికి రమణమ్మ అనే ఆమె ఏడేళ్ళ కూతురు శిరీషను తీసుకొచ్చింది.

"పగలు బాగానే ఎగురుతాది మేడం. పొద్దుగూకితే తాగినోళ్ళ మాదిరి తూలతాది. రేచీకటని మందులేయించినాం. తగ్గలా."

గీత మీద మడమకు వేళ్ళు ఆనిస్తూ నడవమన్నాను. నడిచింది. ఒంటికాలి మీద నిలబడింది, గెంతింది, బంతి పట్టింది. ఇక పంపించేద్దామనుకుంటూనే రోంబెర్గ్ టెస్ట్ చేశాను. పాదాలు దగ్గరపెట్టి, కళ్ళు మూసుకుని నిలబడటమే ఆ పరీక్ష. కాస్త ఊగింది, అంతే. అదే పని మెత్తటి ఫోమ్ దిండు మీద చేయించాను. కళ్ళు మూసీ మూయగానే నా చేతుల్లో పడింది. పడుతున్నట్టు తెలియక చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

మనల్ని నిలబెట్టేవి కళ్ళు, పాదాల స్పర్శ, లోపలి చెవిలోని వెస్టిబ్యులర్ భాగం. తల ఎటు వాలిందో చెప్పేది ఆ చెవి భాగమే. కళ్ళు మూసి, కింద మెత్తగా ఉంటే ఇక చెవే దిక్కు. పాపకు అది పనిచేయడం లేదనిపించింది. కళ్ళ సాయం అందని చీకట్లో తూలేది అందుకే.

"చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా?" అని అడిగాను.

"ఏడాది పిల్లప్పుడు మెదడు జ్వరం వచ్చినాది మేడం. నడక కూడా ఆలస్యమే."

ఆ జ్వరం లోపలి చెవిని దెబ్బతీయగలదు. వెంటనే నాకు ఇంకో భయం పట్టుకుంది. "నీళ్ళలో దిగుతావా?" అని పాపను అడిగాను.

"నాయన చెరువులో చేపలకు పోతే నేనూ దిగతా. మొన్న మునిగితే పైకి ఎటో తెలీలా. నాయన జుట్టు పట్టి లాగినాడు."

రమణమ్మ కూతురివైపు తిరిగింది. "నాకు చెప్పలేదేందే?"

"తిడతావని."

బురద నీళ్ళలో కళ్ళకేమీ కనిపించదు, కాళ్ళకు నేల అందదు. ఇలాంటి పిల్ల పైకనుకుని అడుగుకే ఈదొచ్చు. ఆ మాట రమణమ్మకు చెప్పి, చెవి పరీక్షకు పంపాను.

నెల్లూరులో చెవి డాక్టరు పరీక్షించి నా అనుమానం నిజమేనన్నారు. ఒక చెవికి వినికిడి కూడా తగ్గిందట. తర్వాతి వారం వాళ్ళ నాయనే వచ్చాడు. "ఈ ఎండాకాలం ఒంటరిగా ఈదిద్దామనుకున్నా మేడం," అన్నాడు తల దించుకుని.

కొన్ని నెలల వ్యాయామాలతో శిరీషకు తూలడం తగ్గింది. సాయంత్రాలు టార్చి వేసుకుని నడుస్తోంది. దిండు మీద కళ్ళు మూసుకుని మాత్రం ఇప్పటికీ నిలబడలేకపోతోంది. పోయిన చెవి శక్తిని నేను తెచ్చివ్వలేను.

ఏ పిల్ల చక్కగా నిలబడినా, దేని సాయంతో నిలబడిందో చూడాలని అప్పుడే తెలుసుకున్నాను. ఇంటి దగ్గర చెరువుందా, బావి ఉందా అని కూడా ఇప్పుడు తప్పకుండా అడుగుతాను.