మొదటికి పొమ్మనే అయ్యోరు

ఆ శనివారం ఉదయం తిరుపతిలో పుత్తూరు బస్సు ఎక్కేటప్పుడు శ్రీకరి చేతిలో ఒక ఖాళీ సంచి ఉంది. కార్వేటినగరం దగ్గరి ఒక పల్లెలో పన్నెండు మంది ఆడవాళ్లకు ఇచ్చిన పన్నెండు ఫోన్లను ఆ సంచిలో వేసుకుని సాయంత్రానికి తిరిగి రావాలి. అంతకు మించి ఆ ఊళ్లో తనకు పని లేదనుకుంది.

శ్రీకరికి ముప్పై ఒక్కేళ్లు. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. తండ్రి శేషసాయి ఒక గుడిలో వేదపారాయణం చేస్తాడు. ఆమె పరిశోధన ప్రశ్న ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. యాభై దాటిన, చదవడం రాని ఆడవాళ్లు ఫోన్‌లో విని ఒక కొత్త పాఠాన్ని నోటికి తెచ్చుకోగలరా?

దానికోసం ఆమె ఒక యాప్ చేయించింది. ఫోన్ ముందు పద్యం నంబరు చెప్పి, ఒక పాదం చదివి ఆగుతుంది. తెర మీది పచ్చ గుండీ నొక్కితే తర్వాతి పాదం చదువుతుంది. పద్యాలు ఎవరికీ ముందే తెలిసినవి కాకూడదు కాబట్టి రిటైరైన తెలుగు పండితుడు సుదర్శనం గారితో ఇరవై కొత్త పద్యాలు రాయించింది. మామిడి పూత మీద, ఆ పూతను పాడుచేసే తేనెమంచు పురుగు మీద, వాన పడని కొండ మీద ఆయన సంతోషంగా రాసిచ్చాడు.

"నలభై ఏళ్లుగా రాస్తా ఉండాను. మా ఇంట్లోవాళ్లే చదవలేదు. నువ్వు ఏకంగా ఇరవై నాలుగు మంది చేత బట్టీ పట్టిస్తానంటావు. అమ్మాయ్, నీ పీహెచ్‌డీ జాగ్రత్తగా చేసుకో. అది పోతే నాకు పాఠకులు పోతారు" అన్నాడు.

ఆ ఇరవై నాలుగు మందిలో సగం మంది తిరుపతి అపార్ట్‌మెంట్లలో వంటపనులు, ఇంటిపనులు చేసేవాళ్లు. మిగతా సగం ఈ పల్లెలోని కోలాటం బృందం. ఎవరి ఫోన్ వాళ్లు చెవి దగ్గర పెట్టుకుని, ఎవరింట్లో వాళ్లు, మూడు నెలలు నేర్చుకోవాలి. ఆ మూడు నెలలూ శ్రీకరి వాళ్ల దగ్గరికి వెళ్లకూడదు. పరిశోధించే మనిషి ఎదురుగా ఉంటే ఎవరూ మామూలుగా ఉండరు కాబట్టి ఆ నియమం పెట్టుకుంది.

వెళ్లకపోయినా, ఎవరు ఎప్పుడు ఏ గుండీ నొక్కారో ఆమె కంప్యూటర్‌కు చేరుతూనే ఉంది. తిరుపతి ఫోన్ల లెక్కలు పద్ధతిగా వచ్చాయి. పల్లె ఫోన్లలో పదకొండు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. పన్నెండోది రోజూ సాయంత్రం తెరుచుకునేది గానీ, ఆ పూటంతా ఒకే పద్యం మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగడం. తొంభై సెకన్ల పాటు ఎవరూ తెర ముట్టుకోకపోతే మనిషి లేచి వెళ్లిపోయినట్టు యాప్ లెక్కవేస్తుంది. పద్యాన్ని మొదటికి తెచ్చి, మొదటి పాదం చదివి ఆగుతుంది. ఆ పాఠం 'వదిలేసినవి' అనే వరసలో పడుతుంది. సగానికి పైగా వదిలేసిన పాఠాలున్న ఫోన్‌ను మొత్తం లెక్కలోంచి తీసేయాలన్నది శ్రీకరి ముందే పెట్టుకున్న ఇంకో నియమం. ఆ నియమంతో పన్నెండో ఫోన్ కూడా పోయింది. పల్లెల్లోని పెద్ద వయసు ఆడవాళ్లు ఫోన్ పాఠాన్ని మధ్యలోనే వదిలేస్తున్నారని ఆరో అధ్యాయంలో రాసేసింది.

వచ్చే గురువారం ఆమె తన పరిశోధనను కమిటీ ముందు పెట్టాలి. రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుతో సరి. చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు, థీసిస్ ఇచ్చినట్టు కాగితం తెస్తే జూన్‌లో ఉద్యోగంలో చేరమన్నారు. అన్నీ ఆ గురువారం మీదే ఆధారపడి ఉన్నాయి.

కోలాటం బృందానికి పెద్ద సుబ్బులమ్మ. మామిడి తోటల్లో కూలికి పోతుంది. శ్రీకరి వెళ్లేసరికి బృందమంతా ఆమె ఇంటి ముందే కూర్చుని ఉంది. సుబ్బులమ్మ లోపలికి పోయి బియ్యం డబ్బాలోంచి ఒక్కో ఫోన్ తీసి, పైట కొంగుతో తుడిచి వరసగా పెట్టింది. పదకొండింటికీ తెర మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు.

"ఒక్కటి కూడా తెరవలేదేమి పెద్దమ్మా?"

"పగిల్తే యాడ తెచ్చిచ్చేది పాపా? అందుకే ఎత్తిపెట్టినాం. ఒక అయ్యోరు సాల్లేదా మాకు? పన్నెండు మంది అయ్యోర్లు తలా ఒక మాట సెప్తా ఉంటే ఎవురి మాట ఇనేది?"

పన్నెండో ఫోన్ వసారాలో స్టూలు మీద ఉంది. దాని నుదుట కుంకుమ బొట్టు ఉంది.

"అయ్యోరికి చార్జింగ్ అయిపోయిందంట, పెట్టండే" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

"నవ్వద్దండే. శానా కఠినం ఈయన" అంది సుబ్బులమ్మ. "మా చెంగయ్య అయ్యోరే నయం. కోపమొస్తే కోలతో ఒకటేసి ఊరుకుంటాడు. ఈయన తిట్టడు, కొట్టడు. మాట్లాడకుండా మొదటికి పోతాడు."

చెంగయ్య ఆ చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి కోలాటం నేర్పే ముసలి గురువు. ఆయన పద్ధతి ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. పాటలో ఒక మాట ఆయన అంటాడు. చుట్టూ తిరుగుతూ బృందం రెండుసార్లు అంటుంది. ఒక్కరు తడబడినా, ఒక్క కోల తప్పు పడినా, చెయ్యెత్తి అందరినీ పాట మొదటికి పొమ్మంటాడు. ఎవరు తప్పారని అడగడు, వీళ్లు చెప్పరు. ఇప్పుడాయనకు మోకాళ్లు పట్టేసి రావడం మానేశాడు. అందుకని ఆ చోట ఫోన్‌ను పెట్టుకున్నారు. ఫోన్ ఒక పాదం అంటే, పన్నెండు మందీ దాని చుట్టూ తిరుగుతూ కోలలేస్తూ రెండుసార్లు అనేవాళ్లు. అందరికీ వచ్చిందని సుబ్బులమ్మకు నమ్మకం కుదిరితేనే పచ్చ గుండీ నొక్కేది. ఈలోపు తొంభై సెకన్లు దాటితే ఫోన్ మొదటి పాదం చదివేది. ఎక్కడో ఎవరో తప్పి ఉంటారు, అయ్యోరు కనిపెట్టాడు అనుకుని మళ్లీ మొదటినుంచి అందుకునేవాళ్లు.

"ఎవురూ తప్పనప్పుడు కూడా పోయేటోడు పాపా. అప్పుడు మాకు తెలీకుండా ఏదో తప్పు పోయిందనుకుంటిమి" అంది సుబ్బులమ్మ.

ఫోన్లు సంచిలో వేసుకుని బయల్దేరొచ్చు. శ్రీకరి వేయలేదు. ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి, తలుపు మూసి, తన ఫోన్‌లో రికార్డింగు పెట్టి, పద్యం నంబరు చెప్పి అడిగింది. తిరుపతిలో ఇదే పరీక్ష పెడితే సగటున తొమ్మిది పద్యాలు వచ్చాయి. మొదట సుబ్బులమ్మ కూర్చుంది. ఇరవై అడిగితే ఇరవై చెప్పింది. రెండో ఆమె ఇరవై. మూడో ఆమె ఇరవై, మధ్యలో ఒకసారి దగ్గింది. పద్యం మధ్యలోంచి, మూడో పాదం నుంచి చెప్పమని అడిగి చూసింది శ్రీకరి. అది ఎవరికీ రాలేదు. మొదటి పాదం పట్టుకుంటే మాత్రం నాలుగో పాదం దాకా ఎక్కడా ఆగలేదు. తాను రాసిన పద్యాలను సుదర్శనం గారు కూడా కాగితం చూడకుండా అన్నీ చెప్పలేడు.

చివర మిగిలింది ఆనందమ్మ. అరవై దాటిన సన్నటి మనిషి. గదిలోకి వచ్చి గోడకానుకుని నిలబడింది. శ్రీకరి నంబరు చెప్పింది. ఆనందమ్మ మాట్లాడలేదు. శ్రీకరి ఈసారి గట్టిగా చెప్పింది. అయినా మాట్లాడలేదు. తలుపు సందులోంచి సుబ్బులమ్మ తల పెట్టింది.

"అరవద్దు పాపా. ఆమెకు రెండు చెవులూ ఇనపడవు."

వినికిడి బాగున్నవాళ్లనే తీసుకోవాలన్నది ఆ పరిశోధనలో మొదటి షరతు. "మరి పేరు రాయించుకునేటప్పుడు చెప్పలేదే?"

"సెప్తే తీసేస్తావు గదా. కోలాటానికి సరి జతలు ఉండాల. ఒకామె లేకుంటే ఎదురామె యాడికి పోతాది?"

ఆనందమ్మ ఎదురుగా ఉన్నామె పెదాలు చూస్తూ, కోలల దెబ్బ అరచేతుల్లో తెలుసుకుంటూ నేర్చుకుంది. ఆమెకు అందరికంటే ఆలస్యమయ్యేది. ఆమె నోరు సరిగ్గా తిరిగేదాకా పచ్చ గుండీ నొక్కకూడదని బృందం కట్టడి పెట్టుకుంది. ఫోన్ మొదటికి పోయిన సాయంత్రాల్లో చాలావాటికి కారణం అదే.

ఆనందమ్మ కోలలు కావాలని చేత్తో సైగ చేసింది. తెచ్చిచ్చారు. ఒక జత తాను తీసుకుని ఇంకో జత శ్రీకరికి అందించింది.

"నాకు రాదమ్మా" అని శ్రీకరి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఆడాల్సిన పన్లేదు. ఎదురుగా పట్టుకోనుండు, సాలు" అంది ఆనందమ్మ. ఆ గదిలో ఆమె అన్న మొదటి మాట అది.

శ్రీకరి వేళ్లతో నంబరు చూపించింది. ఆనందమ్మ కోల వచ్చి ఆమె కోలకు తగిలింది. పద్యం మొదలైంది. తర్వాత ఇంకోటి. తర్వాత నంబర్లు చూపించే అవసరం రాలేదు. మంచం, బియ్యం డబ్బా, కుట్టుమిషను పోగా మిగిలిన నాలుగడుగుల జాగాలో ఆ మనిషి అడుగులేస్తూ, తిరుగుతూ, తాను ఒక్కసారి కూడా వినని పద్యాలను వరసగా చెప్పుకుపోయింది. గొంతు ఒకచోట హెచ్చింది, ఒకచోట మరీ తగ్గింది. మాట మాత్రం ఎక్కడా జారలేదు. శ్రీకరి తనకు తెలియకుండానే కోలలు గట్టిగా పట్టుకుంది. ఇరవయ్యో పద్యం అయ్యాక ఆనందమ్మ కోలలు చంకలో పెట్టుకుని, "తప్పులుండాయా?" అని అడిగింది. ఆమె చూసేటట్టు శ్రీకరి మెల్లగా, పెద్దగా తల అడ్డంగా ఊపింది.

ఇంటికి వచ్చి, రికార్డు చేసిన గొంతులను తండ్రికి వినిపించింది. శేషసాయి కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎవరి శిష్యులు వీళ్లు?" అన్నాడు.

శ్రీకరి జరిగినదంతా చెప్పింది.

"సంత చెప్పుకున్నారన్నమాట. గురువు ఒకసారి, శిష్యులు రెండుసార్లు. మా పాఠశాలలో మేమూ అంతే. తెల్లారిలేస్తే నువ్వు విన్నదే గదా."

"మొదటికి పంపించింది గురువు కాదు నాయనా. నేను పెట్టిన టైమర్. వాళ్లు లేచిపోయారనుకుని మొదటికి పోయింది."

శేషసాయి నవ్వాడు. "మా గురువుగారు ఎందుకు పంపించేవాడో మాకు మాత్రం ఏం తెలుసు?"

సోమవారం ఆమె గైడ్ ప్రొఫెసర్ మోహన్‌కృష్ణ గదిలో అదే రికార్డు మోగింది. ఆయన రెండుసార్లు విన్నాడు. రెండోసారి ఆనందమ్మ గొంతు దగ్గర కుర్చీలో ముందుకు జరిగాడు.

"అద్భుతం శ్రీకరీ. కానీ ఇది నీ ప్రయోగం కాదు. ఎవరికి వాళ్లు నేర్చుకోవాలని నువ్వు రాశావు. వాళ్లు కలిసి నేర్చుకున్నారు. చెవులు వినపడాలని రాశావు. ఆమెకు వినపడవు. ఈ ఊరిని అడుగున ఒక ఫుట్‌నోట్‌లో పెట్టి, తిరుపతి ఫలితాలతో గురువారం కానిచ్చెయ్. డిగ్రీ వచ్చాక దీని మీద ఎంతైనా పని చెయ్యొచ్చు."

"వాళ్లు వదిలేశారని ఆరో అధ్యాయంలో ఉంది సార్."

"ఆ వాక్యం తీసెయ్."

"అది తీసేస్తే ఆ అధ్యాయంలో ఏమీ మిగల్దు సార్. తిరుపతి వాళ్లకు తొమ్మిదే ఎందుకు వచ్చాయో కూడా నాకిప్పుడు తెలీదు."

ఆయన చెప్పింది తప్పు కాదు. థీసిస్ ఇవ్వకపోతే చిత్తూరు ఉద్యోగం లేదు. ఉద్యోగమొస్తే ఇదంతా నింపాదిగా చేసుకోవచ్చు. శ్రీకరి రెండు రోజులు ఆలోచించింది. బుధవారం మధ్యాహ్నం ఆరో అధ్యాయాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఆఫీసులో రాసిచ్చింది.

గురువారం కమిటీ ముందు ఆమె పల్లె లెక్కలన్నీ దాచకుండా పెట్టింది. వదిలేసినవి అనుకున్న పాఠాలు ఎందుకు అలా పడ్డాయో చెప్పింది. రికార్డు వినిపించింది. తర్వాత కమిటీ సభ్యుడు చక్రధర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చాలా బాగుందమ్మా. కానీ వాళ్లకు ఏది నేర్పింది? పదే పదే మొదటికి పోవడమా? అందరూ కలిసి అనడమా? కోలాటం అడుగులా? ఆ చివరి ఆమె కోసం ఆగడమా?"

"తెలీదు సార్."

"తెలుసుకోవాలంటే ఎంత కాలం పడుతుంది?"

"ఇంకో సంవత్సరం."

గడువు ఒక సంవత్సరం పొడిగించారు. ఫెలోషిప్ పొడిగించలేదు. చిత్తూరు కాలేజీ ఆ ఉద్యోగాన్ని ఇంకొకరికి ఇచ్చింది. శ్రీకరి ఇప్పుడు పొద్దున ఒక ట్యూషన్ సెంటర్‌లో పాఠాలు చెప్పి, పదకొండు గంటలకు విశ్వవిద్యాలయానికి వస్తోంది. కొత్త ప్రయోగానికి పాత పద్యాలు పనికిరావు కాబట్టి సుదర్శనం గారు మళ్లీ కలం పట్టాడు. ఇంకో ఇరవై అడిగితే నలభై ఇచ్చాడు.

వచ్చే సోమవారం నుంచి కార్వేటినగరం మండలంలోనే మరో రెండు కోలాటం బృందాలు మొదలుపెడుతున్నాయి. ఒక ఊళ్లో ఫోన్ మొదటికి పోతుంది, ఇంకో ఊళ్లో ఆగినచోటే ఉంటుంది. చెవులు వినపడాలన్న షరతు తీసేశారు. మొత్తం ఇరవై నాలుగు మంది, రెండు ఫోన్లు.