తడి గోనెలో మోదుగ విస్తరాకులు

నా చిన్నప్పుడు మా వాడలో క్రిస్మస్ మధ్యాహ్నపు భోజనం ఏటా ఒక ఇంటివారి వంతుగా ఉండేది. బోధన్‌కు దగ్గరలో, చెరుకు చేల నడుమ ఉన్న ఊరు మాది. చర్చిలో ఆరాధన ముగియగానే వాడలోని క్రైస్తవ కుటుంబాలన్నీ, పిలుపు అందుకున్న ఇరుగుపొరుగు వారూ ఆ ఇంటి వాకిట్లో బంతులు తీరి కూర్చునేవారు. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు ఆ వంతు మాకు వచ్చింది. నేను బాపు అని పిలిచే మా నాన్న చెరుకు కోత కూలీ. అంతమంది మా ఇంట భోజనం చేయడం అదే మొదటిసారి. అందుకని మా అవ్వ, అంటే మా అమ్మ, వానలు వెనకబట్టినప్పటి నుంచే ఆ ఒక్క పూట కోసం సిద్ధపడసాగింది.

అవ్వకు కొని తెచ్చే వస్తువుల ఆలోచన తక్కువ. వెదురు బద్దలకు పతంగి కాగితం అంటించి నక్షత్రం చేయించింది. వాకిట్లో కమానుకు ఆకులతో సహా నిలువెత్తు చెరుకు గడలే కట్టేవారు. పండుగ దాటిన మరునాడు ఆ కమాను పిల్లల నోళ్ళలోనే కరిగిపోయేది. గ్లాసులు ఇంటింటి నుంచి వచ్చేవి, ఏ ఇంటివి ఆ ఇంటికి చేరేలా ఒక్కొక్క రంగు దారం కట్టేవారు. అన్నింటికన్నా పెద్ద పని విస్తరాకులు. బాపు పొలాల గట్ల మీద నుంచి కోసుకొచ్చిన మోదుగాకులను అవ్వ, పక్కింటి అక్క కలిసి నెల రోజుల పాటు తీరిక చిక్కినప్పుడల్లా కుట్టారు. అక్క వాళ్ళది హిందువుల కుటుంబం. ఆమె పొద్దస్తమానం గడపలో కూర్చొని, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. ఏ ఆకు ఎంత వంగుతుందో ఆమె వేళ్ళకు తెలుసు.

నాకు మాత్రం ఆ విస్తరాకులంటే సిగ్గు. అంతకుముందు టౌనులో నా తరగతి పిల్ల పుట్టినరోజుకు వెళ్ళినప్పుడు వెండిలా మెరిసే కాగితపు పళ్ళేలలో పెట్టారు. మా టీచరమ్మను నేను క్రిస్మస్‌కు పిలిచి ఉన్నాను. ఆమె ముందు ఆకులు వేయడం నాకు చిన్నతనంగా తోచింది. అవ్వను అడిగితే, "ఒక్క పూట దిని పారేసేదానికి కొనుడెందుకు బిడ్డా, మనకు ఆకులు లేవా?" అని తన పనిలో తాను పడిపోయింది.

పండుగకు రెండు రోజుల ముందు ఇంట్లో ఎవరూ లేని సమయంలో నేను అటక మీది విస్తరాకుల కట్టలు దించి, కొట్టం రేకుల మీద ఎర్రటి ఎండలో పరిచాను. మధ్యాహ్నానికి అవి ముడుచుకొని గలగలమనసాగాయి. మళ్ళీ కట్టలు కట్టి అటక మీదే పెట్టాను. ఇవి పనికిరావని తేలితే బాపు టౌనుకు వెళ్ళి మెరిసే పళ్ళేలు తెస్తాడని నా లెక్క.

మరునాడు పొద్దున అవ్వ కట్ట విప్పింది. మొదటి విస్తరాకు ఆమె చేతిలో అప్పడంలా విరిగింది. రెండోది, మూడోది కూడా అంతే. అవ్వ మిగతా కట్టలూ తడిమి చూసింది. ఆ ముక్కల మధ్య అలాగే కూలబడి, "ఊరంత పిలిచిన. రేపు అన్నం దేంట్ల పెట్టాలె?" అన్నది. బాపు తెల్లవారుజామునే కోతకు వెళ్ళాడు, చీకటి పడితే గానీ రాడు. టౌనుకు వెళ్ళేవారెవరూ లేరు. నేను వేసుకున్న లెక్కలో ఇది లేదు. అవ్వ ముఖం చూడలేక, వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

అక్క వచ్చింది. ఒక విస్తరాకును తిరగేసి చూసింది, తరువాత ఒక్కసారి నా వైపు చూసింది.

"ఎండ దాకినయి చిన్నమ్మా. మా బీడీల తునికాకు గూడ గిట్లనే పెళుసైతది. నువ్వు వంట పని జూస్కో, ఇవి నాకు ఇడిసిపెట్టు."

"ఇరిగినయి అతుక్కుంటయా పిల్లా?"

"అతుక్కోవు. రెండు గలిపి ఒకటి జేస్త. నీ బిడ్డను నాతోని తోలు."

బీడీ ఆకు తడిపే తొట్టి ఆమె పెరట్లో ఉండేది. విస్తరాకును నీళ్ళలో ముంచి వెంటనే తీయాలి, నిలబెట్టి నీరు ఓడనివ్వాలి, తడి గోనెలో చుట్టి నీడలో పెట్టాలి. నీరు ఎక్కువైతే ఆకు నల్లబడుతుంది, తక్కువైతే మళ్ళీ విరుగుతుంది. నాకు చేసి చూపించి, గోనె మడతలు సరిచేస్తూ అక్క మామూలు గొంతుతోనే అన్నది: "రేకుల మీద ఎవరు పరిసిండ్రో నేను సూసిన. మీ అవ్వకైతే జెప్పను. గని ఇవన్ని నీ సేతుల మీదనే తడువాలె."

సాయంత్రం వరకు తడిపాను. గోనె విప్పితే ఆకులు మెత్తబడి, వంచితే వంగాయి. విరిగినవాటిని అక్క కలిపి కుట్టింది. చీకటి పడేలోగా అన్నీ మళ్ళీ ముడుచుకోకుండా బండ కిందికి చేరాయి.

క్రిస్మస్ నాడు టీచరమ్మ వచ్చింది. అందరితో పాటు నేల మీద కూర్చొని బగారన్నం, మటన్ కూర తిని, విస్తరాకు అంచు చేత్తో నిమురుతూ, "ఎవరు కుట్టారమ్మా ఇవి?" అని అడిగింది. అవ్వ అక్కను చూపించింది.

"నేనొక్కదాన్నే గాదు టీచరమ్మా. గీ పొట్టిది నిన్న దినమంత తడుపుకుంటనే కూసున్నది. మస్తు పనిమంతురాలు."

బంతిలో అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేకపోయాను.

తిన్న ఆకులు కొన్ని మేకలకు, మిగిలినవి పెంటకుప్పకు చేరాయి. పొద్దు వాలేసరికి ఊడ్చిన వాకిట్లో భోజనం ఆనవాలే లేదు. పుట్టినరోజునాటి మెరిసే పళ్ళేలు మాత్రం కాలువ పక్క ముళ్ళకంచెకు చిక్కుకొని, ఎండాకాలం దాకా టౌనులో బడికి వెళ్ళే దారిలో నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం అక్క గడపలో ఊరికే కూర్చొని ఉంది. చాట బోర్లించి ఉంది. బీడీలు చుట్టలేదేమని అడిగాను. "పండుగ మీకేనా? నాకు గూడ సెలవే" అని నవ్వింది. అప్పుడు నాకు తట్టింది. ఆ తొట్టి, ఆ గోనెలు ఆమె ఆకు కోసం ఉన్నవి. వాటిలో మా విస్తరాకులు ఉన్నందువల్ల ఆమె తన ఆకు తడపలేదు. తడపని ఆకుతో బీడీ చుట్టలేరు, చుట్టని రోజుకు కూలి లేదు.

ఇంటికి వెళ్ళి అవ్వకు అంతా చెప్పేశాను. అవ్వ చేతిలోని చీపురు గోడకు ఆనించింది. "గీ ముచ్చట అక్కకు ఎరుకనా?" అని మాత్రం అడిగింది. ఎరుకేనన్నాను. తెల్లవారి నన్ను వెంటబెట్టుకొని వెళ్ళి అక్క గడపలో కూర్చొని, "దీనికొక కత్తెర ఇయ్యి. బడి తెరిసేదాక నీకాడనే ఉంటది" అన్నది.

"వేళ్ళు గోసుకుంటది చిన్నమ్మా."

"కోసుకోనియ్యి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నవ్వారు. ఆ సెలవులన్నీ నేను రేకు ముక్కను కొలతగా పెట్టి బీడీలకు తునికాకు కత్తిరించాను. వేలు రెండుసార్లు కోసుకున్నాను కూడా.

తరువాత మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని అయ్యాను, ఉద్యోగం చేశాను, ఇప్పుడు నిజామాబాద్‌లో స్థిరపడ్డాను. ప్లాస్టిక్ లేకుండా క్రిస్మస్ విందు ఎలా చేయాలని మా చర్చి యువకులు అడుగుతుంటారు. ఆకులు, స్టీలు గ్లాసులు, గుడ్డ తోరణాలు అని చెప్తాను. అవి చెప్పడం తేలికే. కానీ భూమికి బరువు కాని విందు వెనుక కూడా ఎవరో ఒకరి చేతులు మోసిన బరువు ఉంటుంది, అది కంటికి కనిపించదు. అందుకే ఏ విందులోనైనా వడ్డన మొదలయ్యే ముందు, ఈ పూట కోసం ఎవరి పని ఆగిపోయిందోనని ఒకసారి చుట్టూ చూస్తాను. ఆ మనిషిని వెతికి మొదటి బంతిలో కూర్చోబెట్టనిదే నాకు ముద్ద దిగదు.